పుట్టుకతో వచ్చిన బుద్ధి నిజంగా మారదా?

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోంది కదా? సరే, మొదలుపెడతాను.

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అని ఒక సామెత ఉంది, మీరందరూ వినే ఉంటారు, కొంతమంది అనిపించుకుని కూడా ఉంటారు. ఈ సామెత ఎవరి మీద వాడతారో ఎప్పుడైనా గమనించారా? కోపిష్టి మీద వాడతారు, పిరికివాడి మీద వాడతారు, చేతిలో డబ్బు నిలవనివాడి మీద వాడతారు, అంతేగానీ ఓర్పు ఉన్న మనిషిని చూసి ఎవరూ ఈ మాట అనరు. అంటే అది వివరణ కాదండి, తీర్పు. ఇక వీడు మారడు, వదిలేయండి అని చెప్పెయ్యడం. నేను ఇరవై ఏళ్ళుగా సైకాలజీ పాఠం చెప్తున్నాను, ప్రతి ఏడూ కొత్త బ్యాచ్‌లో ఎవరో ఒకరు లేచి, మేడమ్, మనిషి స్వభావం పుట్టుకతో వస్తుందా పెంపకంతో వస్తుందా అని అడుగుతారు. ఇవాళ దాని గురించే మాట్లాడదామని వచ్చాను. ఆ సామెతలో సగం నిజం ఉంది, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. మిగతా సగం వల్ల మాత్రం చాలామంది పిల్లలకి అన్యాయం జరిగింది, మా ఇంట్లో కూడా జరిగింది.

నాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పుట్టిన కొత్తలో తలుపు కాస్త గట్టిగా పడితే చాలు, ఒళ్ళంతా ఉలిక్కిపడేది, రెండు చేతులూ పైకి విసిరి, ముఖం ఎర్రగా చేసుకుని గుక్కపట్టి ఏడ్చేది, కొత్తవాళ్ళు ఎత్తుకుంటే ఆ ఏడుపు ఆపడానికి మాకు గంట పట్టేది. చిన్నది అదే ఇల్లు, అదే తలుపు, అదే అమ్మ, పక్కనే టీవీ సౌండ్ పెట్టినా హాయిగా పడుకునేది, ఎవరెత్తుకున్నా వాళ్ళ కళ్ళజోడు లాగేది. పెద్దది స్కూల్లో స్టేజి ఎక్కనని మొండికేసినప్పుడు నేను చాలాసార్లు కసిరాను, నీకెందుకే ఇంత పిరికితనం, చెల్లిని చూసి నేర్చుకో అని. అప్పటికే ఈ సబ్జెక్ట్ నేను చదివేశాను, పిల్లలకి చెప్తున్నాను కూడా, అయినా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

ఈ ప్రశ్న చాలా పాతది. రెండో శతాబ్దంలో గాలెన్ అనే వైద్యుడు, హిప్పోక్రాటిస్ కాలం నుంచి వస్తున్న నాలుగు ద్రవాల లెక్కని పట్టుకుని మనుషుల స్వభావాలు చెప్పాడు, రక్తం వాటా ఎక్కువైతే ఉల్లాసం, పసుపు పిత్తమైతే కోపం, నల్ల పిత్తమైతే దిగులు, కఫమైతే నిదానం. ద్రవాల లెక్క తప్పని తేలిపోయింది. కానీ స్వభావం అనేది గాల్లోంచి రాదు, దానికి ఒంట్లో ఎక్కడో ఒక మూలం ఉండాలి అన్నాడు చూశారూ, ఆ ముక్క మాత్రం నిలబడింది.

అసలు గుణం అంటే ఏంటో ఒక్క నిమిషం చెప్పుకుందాం, లేకపోతే తర్వాత గందరగోళం అవుతుంది. నిన్న బాస్ మీద అరిచారనుకోండి, అది మూడ్. పదేళ్ళుగా ఇంట్లో, ఆఫీసులో, రోడ్డు మీద చిన్నచిన్న వాటికి తొందరగా అరుస్తున్నారంటే అది గుణం, ట్రెయిట్ అంటాం. ఇలాంటి గుణాలు ఎన్ని? 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ అని ఇద్దరు ఇంగ్లిష్ డిక్షనరీ మొత్తం తిరగేసి మనుషుల్ని వర్ణించే మాటలు దాదాపు 18,000 ఏరారు. అన్ని వేల మాటల్లో ఒకదాంతో ఒకటి కలిసి నడిచేవాటిని గుంపులు కడుతూ పోతే, కొన్ని దశాబ్దాల తర్వాత చాలామంది పరిశోధకులు ఐదు దగ్గర ఆగారు, బిగ్ ఫైవ్ అంటారు. కొత్తదనం మీద మక్కువ, పనిలో పద్ధతీ పట్టుదలా, నలుగురిలో కలివిడితనం, ఎదుటివాళ్ళతో సర్దుకుపోయే గుణం, తొందరగా కలత పడే గుణం. వీటిలో ప్రతిదీ ఒక కొలబద్ద లాంటిది, మనం అందరం దాని మీద ఎక్కడో ఒకచోట ఉంటాం, చాలామంది మధ్యలోనే ఉంటాం. నువ్వు ఇంట్రోవర్టా ఎక్స్‌ట్రోవర్టా అని రెండు డబ్బాల్లో వేసెయ్యడం ఆన్‌లైన్ టెస్టులు చేసే పని, డేటా అలా రెండు ముక్కలుగా లేదు.

ఇప్పుడు ఒంటి దగ్గరికి వద్దాం. స్వభావానికీ మెదడుకీ సంబంధం ఉందని ప్రపంచం ఉలిక్కిపడి చూసిన రోజు ఒకటుంది, 1848 సెప్టెంబర్ 13. అమెరికాలో వెర్మాంట్ అనే రాష్ట్రం, రైలు మార్గం కోసం బండలు పేలుస్తున్నారు, ఆ గ్యాంగుకి మేస్త్రీ ఫినియాస్ గేజ్, పాతికేళ్ళవాడు. బండకి తొలిచిన రంధ్రంలో పేలుడు మందు కూరుతుండగా అది ముందే పేలింది, చేతిలో ఉన్న ఇనుప కడ్డీ, మూడున్నర అడుగుల పైన పొడవు, 6 కిలోల బరువు, ఎడమ చెంప కింద దూరి నడినెత్తి మీద నుంచి బయటికి వెళ్ళిపోయింది. మనిషి చావలేదు. కాసేపటికే మాట్లాడాడు, ఎద్దుబండిలో కూర్చుని ఊళ్ళోకి వచ్చాడు. గాయం మానింది, నడక, మాట, జ్ఞాపకం అన్నీ ఉన్నాయి, కానీ అంతకుముందు నెమ్మదస్తుడు, పని బాగా తెలిసినవాడు అని పేరున్న మనిషి, తర్వాత నోటికొచ్చినట్టు తిట్టడం, నిమిషానికో ప్లాన్ వెయ్యడం, ఏదీ పూర్తి చెయ్యకపోవడం. ఇతను మన గేజ్ కాదు అన్నారట తెలిసినవాళ్ళు, వైద్యం చేసిన డాక్టర్ జాన్ హార్లో 1868లో ఇదంతా రాశాడు. దెబ్బ తగిలింది మెదడు ముందు భాగానికి, మన ఆవేశానికి బ్రేకు వేసే చోటు అది.

పుస్తకాల్లో కథ ఇక్కడితో ఆపేస్తారు, నాకు నచ్చని విషయం అదే. గేజ్ ఆ తర్వాత పన్నెండేళ్ళు బతికాడు, చిలీ దేశం వెళ్ళి కొన్నేళ్ళ పాటు గుర్రపు బగ్గీలు తోలాడు. ఆలోచించండి, గుర్రాల్ని చూసుకోవాలి, ప్రయాణికులతో మాట్లాడాలి, టైముకి బయల్దేరాలి, దారి గుర్తుండాలి, బుద్ధి చెడిపోయి ఎందుకూ పనికిరాకుండా పోయిన మనిషి చేసే పనులా ఇవి? రోజూ ఒకే క్రమంలో సాగే ఆ పనే అతన్ని మళ్ళీ నిలబెట్టి ఉంటుందని ఈ కథని లోతుగా పరిశీలించినవాళ్ళు కొందరు అంటారు. మెదడు ముందు భాగం చితికినవాడే కొంత కోలుకున్నాడంటే, చితకని మనం ఏమిటి?

ఇక గాయాలు లేని మామూలు మనుషుల్లో తేడాలు ఎందుకు అన్నదానికి హన్స్ ఐసెంక్ అనే సైకాలజిస్టు 1967లో ఒక మాట చెప్పాడు. మెదడుని మెలకువగా ఉంచే వ్యవస్థ ఒకటుంది, మెదడు కాండంలో మొదలై పైకి పోతుంది. కొంతమందిలో అది మామూలుగానే ఎక్కువ స్థాయిలో పనిచేస్తుంది, వాళ్ళకి లోపల ఉన్న చప్పుడే సరిపోతుంది కాబట్టి బయటి చప్పుడు తగ్గించుకుంటారు, వాళ్ళు ఇంట్రోవర్టులు. కొంతమందిలో తక్కువ, వాళ్ళు జనాన్నీ హడావిడినీ వెతుక్కుంటూ పోతారు. దీన్ని చూపించడానికి నిమ్మరసం పరీక్ష ఒకటుంది, నేను క్లాసులో చేయిస్తుంటాను. రెండు వైపులా దూది ఉన్న పుల్ల తీసుకుని సరిగ్గా మధ్యలో దారం కట్టి, ఒక వైపు నాలుక మీద 20 సెకన్లు పెట్టి తీసి, నాలుక మీద నాలుగు చుక్కలు నిమ్మరసం వేసి, ఇప్పుడు రెండో వైపు 20 సెకన్లు పెట్టి, దారం పట్టుకుని వేలాడదీస్తే, నోరు ఎంత ఊరిందో ఆ పుల్ల ఒరగడంలోనే కనిపిస్తుంది. ఇంట్రోవర్టులకి సగటున ఎక్కువ ఊరుతుంది. సగటున అన్నాను, గుర్తుపెట్టుకోండి, మీ ఇంట్లో ఒక్కరికి చేసి తీర్పు చెప్పేది కాదు. ఐసెంక్ గురించి ఇంకో విషయం కూడా చెప్పాలి, కాన్సర్‌కీ స్వభావానికీ ముడిపెడుతూ ఆయన తర్వాత రాసిన పేపర్లలో 26 నమ్మదగినవి కావని 2019లో కింగ్స్ కాలేజ్ లండన్ విచారణలో తేలింది. పెద్ద పేరు ఉంది కదా అని ఎవరి మాటనీ మొత్తంగా మింగకూడదు.

తర్వాత వచ్చినవాళ్ళు ఒకటి కాదు, రెండు వ్యవస్థలు అన్నారు. జెఫ్రీ గ్రే చెప్పింది ఏంటంటే, మంచి కనబడితే అటు లాగేది ఒకటి, ప్రమాదం వాసన వస్తే ఆగు అని పట్టుకునేది ఒకటి. మొదటిదాంట్లో డోపమైన్‌కి పెద్ద పాత్ర ఉంది. డోపమైన్ అంటే ఆనందం అని రాసేస్తున్నారు ఎక్కడ చూసినా, అది ఆనందం కన్నా ఆశకి దగ్గర, అదిగో అక్కడ ఏదో ఉంది పద అని తోసే రసాయనం. కలివిడిగా ఉండేవాళ్ళలో ఈ తోపు బలంగా ఉంటుందని ఒక బలమైన అభిప్రాయం.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పరిశోధన దగ్గరికి వస్తాను. హార్వర్డ్‌లో జెరోమ్ కేగన్ అని ఒకాయన. నాలుగు నెలల పాపని కుర్చీలో పడుకోబెడతారు. అమ్మ పక్కనే ఉంటుంది కానీ మాట్లాడదు. కళ్ళ ముందు రంగురంగుల బొమ్మలు వేలాడే మొబైల్ ఆడిస్తారు, తర్వాత స్పీకర్‌లోంచి కొత్త గొంతు మాటలు వినిపిస్తారు, తర్వాత కాస్త ఆల్కహాల్ అద్దిన దూది ముక్కు దగ్గర పెడతారు. ఏదీ ప్రమాదం కాదు, అన్నీ కొత్తవి, అంతే. కొందరు పిల్లలు కాళ్ళు చేతులు అలా ఆడిస్తూ చూస్తారు, ఒక నవ్వు నవ్వి ఊరుకుంటారు, వీళ్ళు నూటికి 40 మంది దాకా. ఇంకో 20 మంది ఉన్నారు, మొబైల్ రెండోసారి ఊగేసరికి వీపు విల్లులా వంచేస్తారు, కాళ్ళు బిగదీస్తారు, పిడికిళ్ళు బిగిస్తారు, ఏడుపు అందుకుంటారు. ఆ పరీక్ష వీడియోలో పాప వీపు వంచడం మొదటిసారి చూసినప్పుడు నాకు మా పెద్దదే కనిపించింది, వీడియో ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

నాలుగు నెలల పిల్లకి పిరికితనం ఎవరు నేర్పారు చెప్పండి? ఎవరూ నేర్పలేదు. మెదడులో అమిగ్డలా అని బాదంగింజ ఆకారంలో ఒక ముద్ద ఉంటుంది రెండు వైపులా, కొత్తదాన్నీ ప్రమాదాన్నీ పసిగట్టే పని దానిది, ఈ పిల్లల్లో అది చిన్న అలికిడికే లేస్తుందని కేగన్ ఊహ. 2003లో కార్ల్ ష్వార్ట్జ్, కేగన్ వాళ్ళు ఇంకో పని చేశారు, రెండేళ్ళ వయసులో బెరుకు పిల్లలుగా, బెరుకు లేని పిల్లలుగా రాసుకున్నవాళ్ళని ఇరవై దాటాక పిలిచి స్కానర్‌లో పడుకోబెట్టి ముఖాలు చూపించారు. తెలిసిపోయిన ముఖాలకి పెద్ద తేడా లేదు. కొత్త ముఖం రాగానే ఒకప్పటి బెరుకు పిల్లల అమిగ్డలా ఎక్కువ స్పందించింది. ఇరవై ఏళ్ళు గడిచినా ఆ గుర్తు లోపల ఉంది. సామెతలో సగం నిజం అన్నది ఇదే.

అయితే అదే కేగన్ ఇంకోటి కూడా చెప్పాడు, ఇది ఎవరూ షేర్ చెయ్యరు. ఆ వీపు వంచిన పిల్లల్లో పెద్దయ్యేదాకా భయస్తులుగానే ఉండిపోయినవాళ్ళు కొందరే. చాలామంది మామూలుగా మాట్లాడే, నవ్వే, పనులు చేసుకునే పిల్లలయ్యారు. మళ్ళీ వాళ్ళలో అస్సలు బెదురు లేని ధీమా పిల్లలైనవాళ్ళు చాలా అరుదు. అంటే పుట్టుక ఏం చేసిందీ అంటే, నువ్వు ఇదే అవుతావు అని రాసి పెట్టలేదు, కొన్ని చివర్లు కష్టం చేసింది, అంతవరకే.

ఇక కవలల సంగతి. అచ్చు ఒకేలా ఉండే కవలలకి జన్యువులు ఒకటే, వేరువేరుగా ఉండే కవలలకి సగటున సగం. మొదటి రకం స్వభావంలో రెండో రకం కన్నా ఎంత ఎక్కువ కలుస్తారో చూస్తే జన్యువుల వాటా తెలుస్తుంది. మిన్నెసోటాలో థామస్ బుషార్డ్ 1979లో ఇంకో అడుగు వేసి, పసితనంలోనే విడిపోయి వేరే ఇళ్ళల్లో పెరిగిన కవలల్ని వెతికి పిలిపించాడు. 1990లో వాళ్ళ లెక్కలు వచ్చాయి, స్వభావం ప్రశ్నావళిలో అస్సలు కలవకపోతే 0, పూర్తిగా కలిస్తే 1 అనుకుంటే, విడిగా పెరిగిన ఏకరూప కవలల మధ్య పోలిక 0.50, కలిసి పెరిగినవాళ్ళ మధ్య 0.49. ఈ రెండు నంబర్లనీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకే ఇంట్లో పెరగడం వల్ల కవలలు ఇంకా ఎక్కువ ఒకేలా అవ్వలేదు! అమ్మానాన్నలకి ఇది మింగుడుపడని విషయం, నాకూ పడలేదు. పెంపకం దండగ అని కాదు దీని అర్థం, ఒకే పెంపకం ఇద్దరు పిల్లల మీద ఒకేలా పనిచెయ్యదు అని. పెద్దదానికి గద్దింపు అయినది చిన్నదానికి జోక్ అవుతుంది.

రెండోది, ఆ 0.50 ఏంటి, 1 ఎందుకు కాలేదు? జన్యువులన్నీ ఒకటే అయినా స్వభావం పూర్తిగా కలవలేదు కదా. దాని దగ్గరికి వస్తాను.

ముందు హెరిటబిలిటీ అనే మాటని కాస్త విడమరచాలి, ఎందుకంటే పేపర్లలో దీన్ని వాడినంత తప్పుగా ఇంకేదీ వాడరు. స్వభావానికి హెరిటబిలిటీ సుమారు 40 నుంచి 50 శాతం అంటాం. వెంటనే వినేవాళ్ళు, ఓహో నా కోపంలో సగం నాన్నది, సగం నాది అనుకుంటారు. అది కాదండి. అది ఒక మనిషి గురించి చెప్పే నంబరే కాదు, ఒక జనంలో మనుషుల మధ్య ఉన్న తేడాల్లో ఎంత భాగం జన్యువుల తేడాలతో కలిసి నడుస్తోంది అని చెప్పే నంబరు. మీ చెయ్యి చూసుకోండి, ఐదు వేళ్ళు. ఐదు వేళ్ళు కట్టింది ఎవరు, జన్యువులే. కానీ మనుషుల మధ్య వేళ్ళ లెక్కలో తేడా ఎందుకు వస్తుంది? ఎక్కువగా యంత్రంలో పడో యాక్సిడెంట్ అయ్యో వేలు పోవడం వల్ల. కాబట్టి వేళ్ళ సంఖ్యకి హెరిటబిలిటీ చాలా తక్కువ వస్తుంది, అంత గట్టిగా జన్యువులు కట్టినదానికి! ఇంకోటి, ఒకే సంచిలో విత్తనాలు సగం మంచి నేలలో, సగం చవుడు నేలలో చల్లారనుకోండి, ఒకే మడిలో మొక్కల మధ్య తేడాలు విత్తనం వల్లే, ఎందుకంటే నేల అందరికీ ఒకటే, కానీ ఆ మడికీ ఈ మడికీ మధ్య తేడా మొత్తం నేలది. అంచేత 50 శాతం అన్న నంబరు పట్టుకుని ఎవరైనా ఫలానా జాతివాళ్ళ స్వభావం పుట్టుకతోనే ఇంత అని చెప్తే, అది ఆ నంబరు చెప్పని మాట. గట్టిగా చెప్తున్నాను, ఆ పేరు మీద చరిత్రలో చాలా ఘోరాలు జరిగాయి.

సరే మరి ఆ జన్యువులు ఏవి? 1996లో పెద్ద సందడి అయింది. మెదడు కణాల్లో డోపమైన్‌ని పట్టుకునే గ్రాహకం ఒకటుంది, దాని జన్యువు డీఆర్‌డీ4 అని, ఆ జన్యువు ఒక రూపం ఉన్నవాళ్ళు కొత్త అనుభవాల కోసం వెంపర్లాడతారని పేపర్లు వచ్చాయి, సాహసాల జన్యువు దొరికింది అని వార్తలు. అదే ఏడాది సెరటోనిన్ అనే ఇంకో మెదడు రసాయనాన్ని వెనక్కి లాక్కునే జన్యువుకీ ఆందోళనకీ ముడిపెట్టారు. నేను చదువుకునే రోజుల్లో ఇవి పాఠంగా నేర్చుకున్నాం. తర్వాత పెద్ద పెద్ద శాంపిళ్ళతో మళ్ళీ చేస్తే ఆ సంబంధాలు నిలబడలేదు, నిలబడినచోట కూడా ఇంతంటే ఇంత. ఇప్పుడు మనకి తెలిసింది ఏంటంటే, తొందరగా కలత పడే గుణం మీద 2018లో 4,49,484 మంది జన్యుపదార్థం చూస్తే 136 చోట్ల సంబంధం దొరికింది, ఒక్కోదాని ప్రభావం నీటిబొట్టంత. ఇంకా వేల చోట్ల ఉంటాయి. కాబట్టి కోపం జన్యువు, సిగ్గు జన్యువు, మోసం జన్యువు అంటూ ఏదీ లేదు, ఉమ్మేసి పంపితే మీ స్వభావం చెప్తామనే కిట్ల మీద డబ్బు తగలెయ్యకండి.

విడివిడిగా నీటిబొట్లే, కలిస్తే మాత్రం వరదే. సైబీరియాలో నోవోసిబిర్స్క్ దగ్గర దిమిత్రీ బెల్యాయెవ్ 1959లో వెండి నక్కలతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు, ల్యుద్మిలా త్రుత్ దాన్ని దశాబ్దాల పాటు నడిపింది. ఒక్కటే షరతు, చెయ్యి చాస్తే కరవకుండా, పారిపోకుండా ఉన్న నక్కలకే సంతానం. ఆరో తరానికే తోక ఊపుతూ, మనిషి దగ్గరికొచ్చి చెయ్యి నాకే పిల్లలు కనిపించాయి. ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గాయి వాటిలో. మచ్చిక నక్క పిండాన్ని కరిచే నక్క కడుపులో పెట్టినా పుట్టిన పిల్ల మచ్చికగానే ఉంది.

ఇది విని, చూశారా మేడమ్ అంతా రక్తంలోనే ఉంది అంటారేమో, ఆగండి, ఎలుకల సంగతి వినండి. మాంట్రియల్‌లో మైకేల్ మీనీ వాళ్ళు గమనించింది, కొన్ని తల్లి ఎలుకలు పిల్లల్ని బాగా నాకుతాయి, కొన్ని తక్కువ నాకుతాయి. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక ఒత్తిడికి తక్కువ బెదురుతాయి. తల్లి నుంచి జన్యువులు వచ్చాయేమో కదా? అందుకని పిల్లల్ని మార్చేశారు, తక్కువ నాకే తల్లికి పుట్టినదాన్ని బాగా నాకే తల్లి దగ్గర పెట్టారు. పిల్ల పెంచిన తల్లినే పోలింది. 2004లో దాని కారణం కూడా కొంత చూపించారు, ఒత్తిడి హార్మోన్‌ని పట్టుకుని ఇక చాలు ఆపు అని చెప్పే గ్రాహకం ఉంది మెదడులో, దాని జన్యువు మీద మిథైల్ అనే చిన్న రసాయన మూత పడుతుంది, మొదటి వారంలో తల్లి నాకితే ఆ మూత తగ్గుతుంది. జన్యువు అక్షరాలు మారలేదు, ఏ పేజీ తెరుచుకుంది అన్నది మారింది. మనుషుల్లో ఇది ఎంతవరకు ఇలాగే జరుగుతుందన్నది ఇంకా వాదనలో ఉంది. కానీ నాకు ఇందులో ముఖ్యంగా కనిపించింది ఏంటంటే, నాకడం కూడా బయాలజీయే. ప్రేమ కూడా ఒంట్లోకే వెళ్తుంది. ఒంటిదో పెంపకందో తేల్చమని అడిగినప్పుడు నాకు ఇబ్బంది అక్కడే, పెంపకం చివరికి పనిచేసేది ఒంటి మీదే కదా, వేరే ఎక్కడ పనిచేస్తుంది?

ఇందాక 0.50 దగ్గర ఒక ప్రశ్న వదిలేశాను. 2013లో జర్మనీ పరిశోధకులు 40 ఎలుకల్ని, అన్నీ జన్యుపరంగా ఒకటే, ఒకే పెద్ద అంతస్తుల బోనులో మూడు నెలలు వదిలి, ఒక్కోదానికీ చిన్న చిప్ పెట్టి ఎటు తిరుగుతోందో రాసుకున్నారు. ఒకే జన్యువులు, ఒకే ఇల్లు. అయినా రోజులు గడిచేకొద్దీ తేడాలు పెరిగాయి, కొన్ని బోనంతా చుట్టేసేవయ్యాయి, కొన్ని మూలన ఉండిపోయేవయ్యాయి, ఎక్కువ తిరిగినవాటి మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొత్త నాడీకణాలు కూడా ఎక్కువ పుట్టాయి. మొదట్లో చిన్న తేడా, ఏ కారణమో, దాన్నిబట్టి ఒక అడుగు, ఆ అడుగు మెదడుని కాస్త మార్చింది, మారిన మెదడు ఇంకో అడుగు వేయించింది. మనం చేసే పనులు మనల్ని తయారుచేస్తాయి అని పెద్దవాళ్ళు చెప్పేది ఒట్టి ఉపదేశం కాదన్నమాట.

మరి పెద్దయ్యాక? న్యూజీలాండ్‌లో డునెడిన్ అనే ఊళ్ళో 1972, 73ల్లో పుట్టిన వెయ్యి మందికి పైగా పిల్లల్ని ఇప్పటికీ గమనిస్తున్నారు. మూడేళ్ళప్పుడు గంటన్నర పాటు చూసి రాసుకున్న స్వభావానికీ, 26 ఏళ్ళప్పుడు వాళ్ళ స్వభావానికీ సంబంధం కనిపించింది. ఉంది, కానీ చిన్నది. ఇంకోపక్క 2006లో 92 దీర్ఘకాల అధ్యయనాల్ని కలిపి బ్రెంట్ రాబర్ట్స్ వాళ్ళు చూస్తే, ముఖ్యంగా 20 నుంచి 40 మధ్యలో మనుషులు సగటున పద్ధతిగా, నిలకడగా తయారవుతారు. ఉద్యోగం, బాధ్యతలు, పక్కన ఇంకో మనిషి, ఇవన్నీ రోజూ కొంచెం కొంచెం లాగుతాయి. 2017లో అదే బృందం 207 అధ్యయనాలు చూసింది, థెరపీ లాంటి చికిత్సలతో సగటున 24 వారాల్లో తొందరగా కలతపడే గుణం బాగానే తగ్గింది, ఆగిన తర్వాత కూడా నిలిచింది. పుడకల దాకా ఆగాల్సిన పనేం లేదు.

ఇక ప్రశ్నలు అడగండి. ఆ చివర చెయ్యెత్తిన నాన్నగారు... చెప్పండి.

ఆయన అడిగింది వెనక వినపడలేదేమో, నేను మళ్ళీ చెప్తాను. మా అబ్బాయికి ఆరేళ్ళు, ఎవరొచ్చినా నా వెనక దాక్కుంటాడు, బలవంతంగా ముందుకు తొయ్యాలా, వాడి మానాన వదిలెయ్యాలా అని. చాలా మంచి ప్రశ్నండి. కేగన్ వాళ్ళ పిల్లల్లోనే దీనికి కొంత జవాబు ఉంది. బెరుకు పిల్లల్ని ప్రతి చిన్న ఇబ్బంది నుంచీ ఎత్తుకుని కాపాడిన ఇళ్ళల్లో ఆ బెరుకు ఎక్కువ మిగిలింది, మెత్తగానే అయినా, నిలకడగా, చిన్న చిన్న కష్టాల్ని ఎదుర్కోనిచ్చిన ఇళ్ళల్లో తగ్గింది. కాబట్టి తొయ్యద్దు, దాచద్దు కూడా. ఎవరైనా వస్తున్నారంటే ముందే చెప్పండి వాడికి, ఎవరు వస్తారు, ఎంతసేపు ఉంటారు అని. మీ వెనకే నిలబడి ముందు చూడనివ్వండి, ఓ పది నిమిషాలు చూశాక మంచినీళ్ళ గ్లాసు వాడి చేత ఇప్పించండి, ఆ రోజుకి అది చాలు. పిరికివాడు అనే పేరు మాత్రం ఎవరి ముందూ పెట్టకండి, వాడు వింటుంటాడు.

ఏంటీ... మా పెద్దమ్మాయి ఇప్పుడెలా ఉంది అంటున్నారా? ఉద్యోగం చేస్తోందండి, పనిలో భాగంగా నెలకి రెండు మూడుసార్లు జనం ముందు నిలబడి మాట్లాడాలి. ఇప్పటికీ ముందురోజు రాత్రి నిద్ర సరిగ్గా పట్టదట, చేతులు చల్లబడిపోతాయట. అందుకని అందరికన్నా అరగంట ముందే ఆ హాలుకి వెళ్తుంది. లోపల ఎవరూ ఉండరు. వరసల మధ్య నుంచి ఒకసారి నడిచి, చివరి కుర్చీలో కాసేపు కూర్చుని స్టేజి వైపు చూసి, అప్పుడు వెళ్ళి మైక్ పట్టుకుంటుంది.